చూడి కట్టిందా?

గేదె చూడి కట్టిందో లేదో తేల్చడానికి మా ఊళ్లో పశువుల డాక్టరు మోచేతి దాకా చెయ్యి పెట్టేవాడు. అర నిమిషంలో మాట చెప్పేసి సబ్బు అడిగేవాడు. నీటికుక్క దగ్గర ఆ వైద్యం సాగదు. చేపను తలతో సహా కరకరా నమిలేసే పళ్లవి. అందుకే దాని కడుపు సంగతి తెలుసుకోవాలనుకున్నవాళ్లు పెంట వెంట పడ్డారు.

ఒకే ఆవరణలో రెండు మూడు ఉంటే ఏ పెంట ఎవరిదో తెలియాలిగా. జూ కీపర్లు ఒకదాని మేతలో తినదగిన రంగో, మెరుపు పొడో కలుపుతారు. కాసేపటికి తళతళలాడే పెంట దొరుకుతుంది. దాన్ని వెంటనే ఫ్రీజర్లో పెట్టాలి, ఆలస్యమైతే బ్యాక్టీరియా హార్మోన్లను పాడుచేస్తుంది. తర్వాత ఆరబెట్టి, దంచి, పొలుసులూ ముళ్లూ జల్లించి, ఆల్కహాల్లో కలిపి, ప్రొజెస్టెరాన్ అవశేషాలు కొలుస్తారు. అమెరికాలో సిన్సినాటి జూ పరిశోధన కేంద్రం ఈ పనిలో బాగా చెయ్యి తిరిగింది.

ఇంతా చేస్తే ఒక్కోసారి జంతువు మనల్ని బోల్తా కొట్టిస్తుంది. ఆసియా చిన్నగోళ్ల నీటికుక్కల్లో ఉత్తుత్తి చూడి మామూలే. కడుపులో ఏమీ లేకపోయినా హార్మోన్ నిజం చూడిలాగే పెరుగుతుంది, దాదాపు అన్నాళ్లూ నిలుస్తుంది. గూట్లో గడ్డి పరిచి కూర్చున్నవాళ్లకు రోజులు దాటిపోతాయి తప్ప పిల్లలు కనిపించవు. ఇక అల్ట్రాసౌండే దిక్కు. దానికోసం కొన్ని జూలలో చేపముక్క ఆశ చూపి, కడుపు చూపిస్తూ కదలకుండా నిలబడటం నేర్పిస్తారు. ఉత్తర అమెరికా నదుల్లోని జాతిది ఇంకో తంటా. పిండం గర్భసంచికి అతుక్కోకుండా నెలల తరబడి ఆగిపోతుంది, అతుక్కున్న రెండు నెలలకు ఈనుతుంది. జతకట్టిన తేదీ రాసిపెట్టుకున్నా లాభం లేదు.

అడవిలో బతికేవాటికి ఇన్ని రాజభోగాలెక్కడివి? బ్రిటన్‌లో కార్డిఫ్ యూనివర్సిటీవాళ్లు 1990ల నుంచి, ఎక్కువగా బండ్ల కింద పడి చచ్చిన నీటికుక్కలను తెప్పించుకుని కోసి చూస్తున్నారు. ఆడదైతే గర్భసంచిలో మాయ అతికిన మచ్చలు వెతుకుతారు. మగదైతే అంగంలోని ఎముకను తీసి తూకం వేస్తారు. నవ్వొచ్చే పనే, కానీ నాకు ఈ మొత్తం శాస్త్రంలో నచ్చింది ఆ తూకమే.

ఎందుకంటే 1950ల నుంచి పురుగుమందుల దెబ్బకు అక్కడ నీటికుక్కలు చాలా నదుల్లో మాయమయ్యాయి. 2011 నాటికి ఇంగ్లండ్‌లో ప్రతి కౌంటీకీ తిరిగొచ్చాయి. అంతా బాగుందనుకుంటున్న వేళ, 2013లో కార్డిఫ్ బల్ల మీదనుంచి వేరే కబురు వచ్చింది. ఆ ఎముక బరువు ఏళ్లు గడిచేకొద్దీ తగ్గుతోంది. కొన్నిటికి వృషణాలు కిందికి దిగలేదు, కొన్నిటికి వీర్యనాళాల మీద తిత్తులున్నాయి. పాత విషాల మోతాదు తగ్గుతున్న రోజుల్లోనే ఇదంతా. ఫలానా రసాయనమే కారణమని వాళ్లు తేల్చలేదు. తలలు లెక్కపెట్టేవాడికి మాత్రం ఈ సంగతి ఎన్నేళ్లయినా కంటపడేది కాదు.

మనకూ తలల లెక్క మీదే మోజు. కోరింగ మడ అడవుల్లో నీటికుక్కలున్నాయి, ఒడ్డున గుంపంతా ఒకేచోట పెంట వేస్తాయి. ఏది ఆడదో, ఏది మగదో ఆ పెంటలోని డీఎన్‌ఏ చెబుతుంది. పెంటలో హార్మోన్లు కొలిచే విద్య హైదరాబాద్ అత్తాపూర్‌లోని లాకోన్స్‌లో ఉంది, వాళ్లు జూతో కలిసి మూషిక జింకల సంతతి పెంచినవాళ్లు. అటవీశాఖ అనుమతి, ఓ ఐస్ పెట్టె, కాకినాడ నుంచి గౌతమి ఎక్స్‌ప్రెస్‌లో ఒక రాత్రి ప్రయాణం. ఈసారి గణనకు వెళ్లేవాళ్లు నోటుబుక్కుతోపాటు నాలుగు సీసాలు కూడా పట్టుకెళ్తే బాగుంటుంది.