రెండు చేతులూ పిడుల మీదే

వానలు పట్టుకున్నాక డురాంటా కంచె మాట వినదు. జూన్‌లో నడుము ఎత్తున సాపుగా కత్తిరించింది ఆగస్టు వచ్చేసరికి భుజాలు దాటుతుంది. కొమ్మలు వీధిలోకి వంగి దారినపోయేవాళ్ల మొహాలకు తగులుతుంటాయి. తోటమాలి రేపొస్తానంటాడు. ఇదివరకైతే ఇంట్లోవాళ్లే పెద్ద కత్తెర తీసి, భుజాలు లాగేదాకా కోసుకునేవారు. ఇప్పుడు కాస్త పెరడున్న ఇళ్లలో హెడ్జ్ ట్రిమ్మర్ కనిపిస్తోంది. పూటంతా పట్టే పని అరగంటలో తేలిపోతుంది. మంచి పనిముట్టే. కానీ మిక్సీని కొన్నంత తేలిగ్గా కొని, మిక్సీని వాడినంత తేలిగ్గా వాడేస్తున్నారు. భయమల్లా అక్కడే.

ట్రిమ్మర్ బ్లేడు అంటే దువ్వెనలా పళ్లున్న రెండు పొడవాటి ఉక్కు పట్టీలు. మోటారు తిరిగితే అవి ఒకదాని మీద ఒకటి ముందుకీ వెనక్కీ, నిమిషానికి వెయ్యికి పైగా సార్లు జరుగుతాయి. పళ్ల సందులోకి వచ్చిన రెమ్మ తెగి పడుతుంది. ఇళ్లలో వాడే రకాల్లో ఆ సందు ఇంచుమించు 2 సెంటీమీటర్లు. పెద్దవాళ్ల చూపుడు వేలు సరిగ్గా పట్టేంత.

అందుకే చాలా ట్రిమ్మర్లకు రెండు మీటలు ఉంటాయి, వెనక పిడికి ఒకటి, ముందు పిడికి ఒకటి. రెండూ నొక్కి పట్టుకుంటేనే బ్లేడు కదులుతుంది, ఏ చెయ్యి తీసినా ఆగిపోతుంది. చేతులు రెండూ పిడుల మీద ఉన్నంతసేపు వేళ్లు బ్లేడు దగ్గరికి పోలేవు.

ఈ కాలమ్ రాసే మనిషికి ఆ ఏర్పాటు విలువ తెలిసింది పక్కింటి ప్రహరీ దగ్గర. అక్కడి ట్రిమ్మర్ ముందు మీటకి నల్ల ఇన్సులేషన్ టేపు నాలుగు చుట్లు చుట్టి ఉంది. “ఒంటి చేత్తో అయితే మూలల్లోకి బాగా అందుతుందండీ” అన్నారు ఆ ఇంటి పెద్దాయన. అందుతుంది, నిజమే. కానీ ఖాళీగా ఉన్న రెండో చెయ్యి ఏం చేస్తోందో చూస్తే గుండె ఝల్లుమంది. కోయబోయే కొమ్మను పక్కకి వంచి పట్టుకుంటోంది, బ్లేడుకి జానెడు దూరంలో. ఆ టేపు ఊడదీసేదాకా ఈ మనిషి అక్కణ్నుంచి కదల్లేదు.

వేళ్లకి అంతకన్నా పెద్ద గండం యంత్రం ఆగినప్పుడు వస్తుంది. లావు కొమ్మ పళ్ల మధ్య ఇరుక్కుంటుంది. మోటారు మూలుగుతుంది, బ్లేడు నిలిచిపోతుంది. లాగేద్దామని చెయ్యి దానంతటదే ముందుకు పోతుంది. మీటలు నొక్కే ఉన్నాయా, కొమ్మ వదలగానే బ్లేడు మళ్లీ పరుగందుకుంటుంది. మీటలు వదిలాక కూడా క్షణకాలం అది కదులుతూనే ఉంటుంది. ముందు బ్లేడు పూర్తిగా ఆగాలి. తర్వాత ప్లగ్గు పీకాలి, బ్యాటరీదైతే బ్యాటరీ ఊడదీయాలి. కొమ్మ సంగతి ఆ తర్వాతే, అదీ వేళ్లతో కాదు, పుల్లతో. చిటికెన వేలి కంటే లావున్న కొమ్మల్ని ముందే చేతి కత్తెరతోనో రంపంతోనో తీసేస్తే ఈ ఇరుక్కోవడం సగానికి సగం తగ్గుతుంది.

వైరున్న ట్రిమ్మర్ తన వైరునే కోసేసుకోగలదు. ఆకుల్లో కలిసిపోయిన నల్ల వైరు కంటికి ఆనదు. దాన్ని భుజం మీదుగా వీపు వెనక్కి వేసుకుని, ప్లగ్గుకి దగ్గరి కొసన మొదలుపెట్టి దూరంగా జరుగుతూ పోవాలి. మన ఇళ్లలో కరెంటు 230 వోల్టులు. ఎంసీబీ ఉందిగా అన్న ధైర్యం చాలదు, అది కాపాడేది వైర్లను. మనిషి కోసం ఉండాల్సింది 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ. వెళ్లిన కరెంటు, తిరిగొచ్చిన కరెంటు లెక్క తేలకపోతే, అంటే కొంత ఒంట్లోంచి నేలలోకి పోతుంటే, అది రెప్పపాటులో సరఫరా తెంచేస్తుంది. దాని మీదున్న టెస్ట్ బటన్ నొక్కి చూడటానికి అర నిమిషం చాలు. కంచె తడిగా ఉన్నా, తుంపర పడుతున్నా ఆ రోజుకి పని మానేయడమే.

లుంగీ, హవాయి చెప్పులు, మెడలో తువ్వాలు, వేలాడే చున్నీ ఈ పనికి పనికిరావు. బూట్లు, గ్లవ్స్, కళ్లకి అద్దాలు కావాలి. కంచెలో జెముడు ఉంటే అద్దాలు మరీ ముఖ్యం, దాని పాలు కంట్లో పడితే చూపుకే ప్రమాదం. గన్నేరు కోసిన రెమ్మల్ని మేకలకూ ఆవులకూ అందేచోట పడేయకూడదు, ఆకు నుంచి వేరు దాకా అంతా విషమే. ఇక స్టూలు ఎక్కి పైభాగం కోయడం. ఎక్కినవాళ్లు పడబోతే ఒక చెయ్యి ఊతం వెతుకుతుంది, రెండో చేతిలో ట్రిమ్మర్ ఉంటుంది. నేల మీద నిలబడితే అందనంత ఎత్తు కంచెను పెంచకపోవడమే మేలు.

ఇంత చేసినా వేలు తెగితే, శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి, చేతిని పైకెత్తి పట్టి 108కి ఫోన్ చేయాలి. తెగిన ముక్కను తడి గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో మూతి బిగించి, ఆ సంచిని ఐసు మీద పెట్టి తీసుకెళ్లాలి. ముక్కని నేరుగా ఐసులో వేస్తే కణాలు చచ్చిపోతాయి, మళ్లీ అతకడం కష్టం.

ప్లగ్గు పెట్టే ముందు ఇంకో పని ఉంది. పొడవాటి కర్రతో కంచెను ఈ కొస నుంచి ఆ కొస దాకా మెల్లగా తట్టి చూడాలి. కందిరీగల తుట్టె ఉండొచ్చు, కొమ్మని చుట్టుకుని జుంటి తేనెపట్టు ఉండొచ్చు, ఆకు రంగులో పసరిక పాము ఉండొచ్చు. పోయిన ఏడాది ఈ కాలమ్ రాసే మనిషి నూరు వరహాల కంచెను అలా తట్టబోతే పిగిలిపిట్ట ఒకటి చివాలున లేచింది. రెమ్మలు తప్పించి చూస్తే దోసెడు గూడు, అందులో లేత గులాబీ రంగు మీద ఎర్ర మచ్చలున్న గుడ్లు మూడు. ట్రిమ్మర్ ఆ రోజు గూటికి చాలా దూరంలోనే ఆగింది. మిగిలిన కంచె సాపుగా ఉంటే, ఆ కొసన మూడు గజాల మేర గుబురు నెల రోజుల పైన అలాగే పెరిగింది. గూడు ఖాళీ అయ్యాక ఆ గుబురును పెద్ద కత్తెరతోనే కోశారు.