తొమ్మిదిసార్లు ఎందుకు చెప్పాడు?

ఆత్మజ్ఞానం ఒక్కటే మోక్షానికి దారి అని శంకరులు ఖండితంగా చెప్పారు. జ్ఞానం కర్మ కాదు, అది కొత్తగా దేన్నీ పుట్టించదు, అడ్డుగా ఉన్న అజ్ఞానాన్ని తొలగిస్తుందంతే. అలాంటప్పుడు ఒక్కసారి వింటే సరిపోవాలి కదా, శ్రవణం, మననం, నిదిధ్యాసనం అంటూ ఇంత సాధన దేనికి? జవాబు ఛాందోగ్యం ఆరో అధ్యాయంలో ఉంది. పన్నెండేళ్లు వేదం చదివి, చదివానన్న గర్వంతో ఇంటికొచ్చిన శ్వేతకేతుకు తండ్రి ఉద్దాలకుడు ఆ సత్యం నువ్వేనని తొమ్మిదిసార్లు చెబుతాడు. కొడుకు మళ్లీ చెప్పమన్నప్పుడల్లా దృష్టాంతం మారుతుంది. తేనెలో ఏకమైన పూల రసాలు, సముద్రంలో కలిసిన నదులు, మర్రి గింజ పగలగొడితే కంటికి ఆనని సూక్ష్మం, నీళ్లలో కరిగిన ఉప్పు, కళ్లకు గంతలు కట్టి గాంధారం నుంచి తెచ్చి నిర్జన ప్రదేశంలో వదిలేసిన మనిషి. మాట అదే, తీరాల్సిన సందేహం వేరు. బ్రహ్మసూత్రాల నాలుగో అధ్యాయం మొదట్లో శంకరులు ఈ సంభాషణనే సాక్ష్యంగా తెచ్చి, విన్న వెంటనే గ్రహించేవాడికి ఆవృత్తి, అంటే మళ్లీ మళ్లీ చేయడం, అక్కర్లేదని, మిగతావాళ్లకు కావాలని తేల్చారు. అంటే రామకోటిలా లెక్కపెట్టి పూర్తిచేసేది కాదిది. బొబ్బిలి దగ్గర కలువరాయిలో పుట్టిన కావ్యకంఠ గణపతిముని జపంలో పండిపోయాక కూడా తపస్సంటే ఏమిటో అంతుబట్టక 1907లో అరుణాచలంలో రమణ మహర్షిని ఆశ్రయించారు. ‘నేను’ అన్న తలపు ఎక్కడ పుడుతోందో చూడమని, మంత్రం జపిస్తే ఆ నాదం పుట్టే చోటు చూడమని మహర్షి చెప్పారు. జపం మానమనలేదు, చూపు మళ్లించమన్నారు.

రామానుజుల ఆక్షేపణ మాత్రం తేలిగ్గా తీసిపారేసేది కాదు. వాక్యార్థం తెలిస్తేనే బంధం తెగేటట్టయితే, తెలిసినవాళ్లలో భేదభావం ఇంకా ఎందుకు కనిపిస్తోంది? కాబట్టి ఉపనిషత్తులు చెప్పే జ్ఞానం ధ్యానమే, భక్తిగా పండే ఉపాసనే అంటారాయన. వివేకం, వైరాగ్యం, శమదమాలు, ముముక్షుత్వం లేనివాడు విన్నది నిలవదని అద్వైతుల సమాధానం. నాకు ఇందులో ఒక చిక్కు కనిపిస్తుంది. ముక్తి రాకపోతే అర్హత లేదనడం, అర్హత ఉందో లేదో ముక్తిని బట్టి చెప్పడం, ఇలా తిరిగితే ఆ వాదం ఎప్పటికీ ఓడదు, ఎవరినీ ఒప్పించనూ లేదు. ఆ చిక్కు విప్పేది శంకరుల గీతాభాష్యమే. రెండో అధ్యాయంలోని స్థితప్రజ్ఞుడి లక్షణాలు సిద్ధుడికి సహజమైనవని, సాధకుడు యత్నంతో తెచ్చుకోవలసినవీ అవేనని అక్కడ రాశారు. దుఃఖంలో కుంగకపోవడం, భయక్రోధాలు సడలడం ఎవరికి వారు పరీక్షించుకోగలిగినవి. ఆ మేరకు రోజువారీ సాధనలో శ్రీవైష్ణవుడి ధ్యానానికీ అద్వైతి నిదిధ్యాసనానికీ దూరం మనం వాదాల్లో చూసేంత లేదు. చివరికి జీవుడు బ్రహ్మమే అవుతాడా, బ్రహ్మానికి శరీరంగా వేరుగానే ఉంటాడా అన్న దగ్గర మాత్రం రాజీ లేదు.