బస్సు చివరి ఉకారం

‘యాస లేని ఇంగ్లీషు నేర్పుతాం’ అనే ప్రకటన ఈ వారం మళ్లీ కంటబడింది. యాస లేని ఇంగ్లీషు ఎవరి నోటా లేదు. లండన్ వాడిదీ యాసే, మద్రాసు వాడిదీ యాసే. మరి దేన్ని సరిచేయాలో తెలియాలంటే 1969లో హైదరాబాదు నుంచి వెలువడిన ఆర్.కె. బన్సల్ అధ్యయనం చూడాలి. మన ఇంగ్లీషు బయటివాళ్లకు ఎక్కడ బోధపడదో ఆయన పరీక్షిస్తే, ఊనిక తప్పుచోట పడటం ఒక ముఖ్య కారణమని తేలింది. ‘డెవలప్’లో రెండో అక్షరాన్ని ఒత్తాలి, మనం మొదటిదాన్ని ఒత్తుతాం. పెదవులు గుండ్రంగా చుట్టించే కసరత్తు కంటే ముందు ఇది సరిచేయాలి.

అరకు ఆశ్రమ పాఠశాలల సంగతి మరీ చిత్రం. అక్కడ ఉచ్చారణ పాఠం పిల్లల ఇంటి భాష తెలుగే అన్నట్టు నడిస్తే మొదటికే మోసం. అచ్చుతో ముగించే అలవాటు మనది, అందుకే ‘బస్’ మనకు బస్సయింది. ఇంట్లో గుతోబ్ మాట్లాడే గదబ పిల్లకు ఆ ఇబ్బంది లేదు, ఆ భాష పేరే హల్లుతో ఆగుతుంది. ఆదివాసీ ఒడియాలోనూ హల్లుతో ముగిసే మాటలకు కొదవ లేదు. సరిగా పలకగలిగిన పిల్ల, టీచరు నోట విని ఉకారం తగిలించుకునే ప్రమాదం ఉంది! గిడుగు రామమూర్తి పంతులు సవరలకు చదువు చెప్పబోయి ముందు తానే సవర నేర్చుకున్నారు. ఇన్ని భాషలు టీచరు ఎక్కడ నేర్చుకుంటాడని అడుగుతారు. నేర్చుకోనక్కర్లేదు. పిల్లల నోట ఏ ధ్వనులు ముందే ఉన్నాయో తెలిస్తే చాలు. 2004లో రాష్ట్రంలో మొదలైన బహుభాషా విద్యా కార్యక్రమంలో కువి, కొండ, ఆదివాసీ ఒడియా భాషలు ఉన్నాయి కనుక, చెప్పగలిగినవాళ్లు కొండమీదే దొరుకుతారు.

అయితే హెడ్‌ఫోన్లూ ఆడియో పాఠాలూ దండగ అంటాననుకుంటున్నారేమో. అనను. 2023లో రాష్ట్ర ప్రభుత్వ బడుల్లోకి టోఫెల్ అనే ఇంగ్లీషు పరీక్ష వచ్చినప్పుడు ఖర్చు గురించి రాజకీయ రభస జరిగింది. విని అర్థం చేసుకోవడానికీ పరీక్ష ఉండాలన్న మంచి ఆలోచన అందులో మరుగున పడింది. ఇంగ్లీషు స్పెల్లింగు ఊనిక ఎక్కడో చెప్పదు. నల్లబల్ల చూసి నేర్చిన మాట తప్పు ఊనికతోనే నోట స్థిరపడుతుంది, అందుకే పలికించే ముందు వినిపించాలి. అయితే ఎవరి గొంతు? అరకు పిల్లలతో రేపు ఇంగ్లీషులో మాట్లాడేది బెంగాలీ పర్యాటకులు, కాఫీ కొనే విదేశీయులు. అరకు కాఫీకి 2017 నుంచి పారిస్‌లో దుకాణమే ఉంది. అమెరికా గొంతు ఒక్కటే విన్న చెవికి వీళ్లంతా కొత్తే. కనుక పాఠాలు తయారుచేసే అధికారులకు ఒక మనవి: వచ్చే జూన్ లోపు బెంగాలీ, ఒడియా, తమిళ, ఫ్రెంచి గొంతుల్లో ఇంగ్లీషు సంభాషణలు రికార్డు చేయించి, టీచర్ల ఫోన్లలోకి పంపండి.