విధ్వంసక నౌక

2021 మే 21, శుక్రవారమున, విశాఖ నౌకాశ్రయములో సూర్యాస్తమయ వేళ నౌకాదళ పతాకము కడసారి అవనతము కాగా, 41 సంవత్సరములు కడలి నేలిన 'రాజ్‌పుత్' విశ్రాంతి గైకొన్నది. 'విధ్వంసక నౌకకు వీడ్కోలు' అని పత్రిక ఆ వార్తకు పెట్టిన మకుటము చూచి నాకు మనసు చివుక్కుమన్నది.

ఆంగ్లపదమును తెనిగించునపుడు దాని పుట్టుక విచారింపవలెనని ఈ శీర్షికలో నేనెన్నిమార్లు మొఱపెట్టుకొంటినో పాఠకు లెఱుగుదురు. చిన్న టార్పెడో పడవలు చీకటిలో వచ్చి మహానౌకలను ముంచిపోవునను భయము ప్రబలగా, వానిని తఱిమికొట్టుటకై 1893లో ఇంగ్లండులో 'హావక్' జలప్రవేశము చేసినది. నాడు ఆ జాతి ఓడల పూర్తిపేరు 'టార్పెడో పడవల విధ్వంసకము'; కాలక్రమమున ముందుమాట జాఱిపోయి డిస్ట్రాయర్ మిగిలినది. కావున 'రక్షక నౌక' యనుటయే న్యాయమని సంపాదకునకు లేఖ వ్రాయఁ గూర్చుంటిని.

వ్రాయుచుండగా మొదటి 'రాజ్‌పుత్' గుర్తునకు వచ్చినది. 1949లో బ్రిటన్‌నుండి మనము కొన్న మూడు డిస్ట్రాయర్లలో నొకటి. 1971 యుద్ధమున విమానవాహక 'విక్రాంత్'ను అండమానుల వైపు దాచి, ఈ ముదుసలి ఓడచేతనే విక్రాంత్ వలె వైర్‌లెస్ సందేశములు పంపించిరి. విక్రాంత్‌ను వెదకికొనుచు పాకిస్తాను జలాంతర్గామి 'ఘాజీ' మా విశాఖ తీరమునకు వచ్చినది. డిసెంబరు 3 అర్ధరాత్రి, దీపము లార్పుకొన్న మా యింటి కిటికీ అద్దములు గడగడలాడగా, మా అమ్మ నన్ను పొదివికొని సముద్రము వైపే చెవియొగ్గి కూర్చుండెను. రాజ్‌పుత్ విసరిన డెప్త్ ఛార్జీలే ఘాజీని ముంచెనని మనవారును, అది ప్రమాదమని పాకిస్తానువారును చెప్పుదురు. కొన్నినాళ్లకు సంగతి తెలిసి మా వీధి పిల్లలమందఱము గంతులు వేయుచుండగా, అమ్మ గుమ్మములో నిలిచి, "అందులో ఎంతమంది ఉన్నార్రా?" అని అడిగినది.

90 మందికి పైగా నుండిరి. వారిలో నొక్కడును మిగులలేదు. ఆ రాజ్‌పుత్ మా యూరిని కాచినదని నేను మనసారా నమ్ముదును. అయినను అమ్మ ప్రశ్నకు ఎదుట 'రక్షక' మను మాట వ్రాయుటకు నా చేయి సాగలేదు. లేఖ చించివేసితిని, ఆ మకుటము కూర్చిన ఉపసంపాదకుడే సరిగా వ్రాసెను.