ఉష్ణగతిశాస్త్రమును, సిద్ధాంతమను మాటయు

మన పట్టణములలో జరుగు ధార్మికోపన్యాసములందును, వాని కెదురుగా జరుగు హేతువాదసభలందును ఒకే శాస్త్రనియమము ఇరుపక్షములకును సాక్షిగా వచ్చి నిలుచుచున్నది. అది ఉష్ణగతిశాస్త్రములోని రెండవ నియమము. విశ్వమంతయు క్రమమునుండి అక్రమమునకు జారుచున్నదని పాశ్చాత్యశాస్త్రమే యొప్పుకొన్నదనియు, యుగయుగమునకును ధర్మము ఒక్కొక్క పాదము కోల్పోవునని మన పెద్దలు చెప్పినది ఇదియే యనియు ఉపన్యాసకుడు చెప్పును. ఇట్టి విశ్వములో సూక్ష్మజీవినుండి మనుష్యుడు తనంత తాను ఏర్పడె ననుట శాస్త్రవిరుద్ధమనియు, పరిణామవాదము ‘థియరీ మాత్రమే’ యనియు తరువాత ముక్తాయించును. రెండవ వేదికపై యువకుడు లేచి, విశ్వము తుదకు చల్లారి చచ్చునని శాస్త్రము తేల్చివేసినది గనుక సృష్టికి కర్తయు లేడు, ప్రయోజనమును లేదనును. ఇద్దరును ఎంట్రపీ పేరు చెప్పెదరు. ఇద్దరికిని చప్పట్లు పడును. ఆ నియమము ఏమి చెప్పుచున్నదో, ఏ షరతుపై చెప్పుచున్నదో మాత్రము ఏ సభలోను వినబడదు.

ఈ గందరగోళములో సగము శాస్త్రమునుండి గాక భాషనుండి పుట్టినదని నా యభిప్రాయము. ఇంగ్లీషులో ‘థియరీ’ యను ఒకే మాటకు మనము మూడు తెలుగులు చేసికొంటిమి. పాఠ్యపుస్తకములో అది ‘సిద్ధాంతము’. వాదప్రతివాదములలో ‘వాదము’, పరిణామవాదము, సాపేక్షవాదము అన్నట్లు. పరీక్షల దినములలో పిల్లల నోట ‘ప్రాక్టికల్’ కానిదెల్ల ‘థియరీ’. మొదటి మాట వినిన వారికి అది తిరుగులేని తీర్పుగా తోచును. రెండవది వినిన వారికి ద్వైతాద్వైతములవలె ఎవరి మతము వారి దను భావము కలుగును. మూడవది వినిన వారికి చేతికి అందని వట్టి పుస్తకపుమాట. డార్విను చెప్పినదానిని వాదమని పిలిచి, కార్నో చెప్పినదానిని నియమమని పిలిచినపుడు, రెండవది మొదటిదానిని కొట్టివేయునని సామాన్యుడు తలచుటలో ఆశ్చర్యమేమి? తీర్పు పేరులోనే ముగిసినది. ఇక మన యిండ్లలో ‘సిద్ధాంతిగారు’ అనగా పంచాంగము గుణించి ముహూర్తము పెట్టువారని వేఱుగ చెప్ప నక్కఱలేదు.

మన ప్రాచీనులు ఈ మాటను ఇంత అజాగ్రత్తగా వాడలేదు. న్యాయసూత్రకారుడు సిద్ధాంతమును పదునాఱు పదార్థములలో నొకటిగా పెట్టి, దానిని నాలుగు తెఱగులుగా విభజించెను. అన్ని శాస్త్రములును అంగీకరించినది ఒకటి. ఒక శాస్త్రమునకే చెల్లునది మఱియొకటి. ఒకటి సిద్ధించినచో దానివెంట తప్పక సిద్ధించునది వేఱొకటి. పరీక్షింపకయే తాత్కాలికముగా ఒప్పుకొని దాని విశేషములను విచారించునది నాలుగవది. అంగీకారమునకు మెట్లు గలవనియు, ఎవరు ఏ మెట్టుపై నిలిచి మాటాడుచున్నారో చెప్పవలెననియు ఆ విభాగమువలన తెలియుచున్నది. సంస్కృతము చదివినవారమని చెప్పుకొను మనము ఈ వివేకమును వదలి, మాటను మాత్రము నిలుపుకొంటిమి.

ఇక నియమము సంగతి. 1824లో సాదీ కార్నో యను ఫ్రెంచి యువకుడు ఆవిరియంత్రములను గూర్చి యొక చిన్న గ్రంథము ప్రకటించెను. ఉష్ణమొక ద్రవమువంటి పదార్థమనియు, జలపాతమున నీరు మీదినుండి క్రిందికి పడుచు చక్రమును త్రిప్పునట్లే ఉష్ణమును వేడిచోటినుండి చల్లనిచోటికి దిగుచు యంత్రమును నడపుననియు ఆయన భావించెను. ఉష్ణము పదార్థము కాదని తరువాత తేలినది. కాని ఎంత గొప్ప యంత్రమైనను దాని సామర్థ్యమునకు ఒక పరిమితి గలదనియు, ఆ పరిమితి రెండుచోట్ల ఉష్ణోగ్రతలను బట్టియే యుండుననియు ఆయన చెప్పినది నేటికిని చెక్కుచెదరలేదు. పునాదిరాయి మార్చినను గోడ నిలిచినది. ‘థియరీ’ యనగా వట్టి ఊహ యనువారును, శాస్త్రము చెప్పినదెల్ల శాశ్వతసత్యమనువారును ఈ యొక్క యుదాహరణమునకైన సమాధానము చెప్పవలసియున్నది. క్లాసియసు 1850లో ఆ ఫలితమును ఉష్ణము శక్తిరూపమను క్రొత్తజ్ఞానముతో పొసగించి, 1865లో ఎంట్రపీ యను పేరు కల్పించెను. 1877లో బోల్ట్స్‌మను దానికి సంఖ్యాశాస్త్రరీత్యా అర్థము చెప్పెను.

ఆ అర్థము మన యింటిలోని ఆటవస్తువులతోనే తెలియును. ఆఱు గవ్వలను వేయుడు. ఒక్కొక్కటి వెల్లకిల పడుటయు బోర్ల పడుటయు సమానమనుకొన్నచో, అవి పడు తీరులు మొత్తము 64. అన్నియు వెల్లకిల పడు తీరు ఒక్కటే. మూడు వెల్లకిలగను మూడు బోర్లగను పడు తీరులు 20. మూడు మూడు తఱచుగా పడుట ఎవరి శాపమువలనను గాదు, ఆ తీరులు ఎక్కువగా నుండుటవలన. ఆఱుకు బదులు కోటానుకోట్ల అణువులుండినచో ఆ ‘తఱచు’ అనునదే ‘ఎల్లప్పుడు’ అగును. పాలలో పడిన కాఫీ డికాక్షను మరల వేఱై పైకి తేలకపోవుటకు కారణ మింతే. దీనిని ‘అక్రమము’ అని అనువదించినవాడు మేలు చేసెనో కీడు చేసెనో చెప్పలేను. అణువుల అమరికలను లెక్కించుమాట అది. నడవడిని గూర్చిన మాట గాదు. అక్రమమన్నంతనే మనకు అన్యాయము, అధర్మము గుర్తునకు వచ్చును. అచ్చటనుండి కలియుగము అడుగు దూరము.

నియమము చెప్పునది మితమైన మాట. బయటినుండి ఏదియు లోనికి రాక, లోనినుండి ఏదియు వెలికి పోని మూసిన వ్యవస్థలో మొత్తము ఎంట్రపీ తగ్గదు. ‘మూసిన’, ‘మొత్తము’ అను రెండు మాటలును తీసివేసినచో మిగులునది నియమము కాదు, నిట్టూర్పు.

మన వరిపొలము మూసిన వ్యవస్థ కాదు. విత్తనము మొలచి, గాలిని, నీటిని, మంటిని కూడగట్టి ఆకుగను గింజగను అమర్చుకొనుచున్నది. ఈ అమరికకు వెల చెల్లించువాడు సూర్యుడు. సుమారు 5,800 కెల్విను డిగ్రీల ఉపరితలమునుండి వచ్చు వెలుగును భూమి గ్రహించి, సుమారు 255 డిగ్రీల వస్తువువలె తిరిగి ఆకాశములోనికి విడుచుచున్నది. వచ్చినంత శక్తియే ఇంచుమించుగా పోవుచున్నది గాని, వచ్చునపుడు తక్కువ కణములలో నున్నది పోవునపుడు ఇరువది రెట్ల కణములలో చెదరి పోవును. ఆ చెదరుటలో పెరిగిన ఎంట్రపీ ముందు చేనిలో తగ్గినది లెక్కకు రాదు. పరిణామము నియమవిరుద్ధమైనచో దివిసీమలో వరి పండుటయు విరుద్ధమే కావలెను. తల్లికడుపులో శిశువు పెరుగుటయు విరుద్ధమే కావలెను. పరిణామమును ఆక్షేపించువారు శిలాజములను చూచి, జీవుల పోలికలను చూచి ఆక్షేపింపవచ్చును. ఈ ద్వారమున మాత్రము వారికి ప్రవేశము లేదు.

నియమము నిజముగా నిషేధించునది వేఱు. 1150లో భాస్కరాచార్యుడు సిద్ధాంతశిరోమణిలో ఒక యంత్రమును వర్ణించెను: తేలికకఱ్ఱతో చేసిన చక్రము, దాని ఆకులలో తొఱ్ఱలు, ఆ తొఱ్ఱలలో సగమువఱకు పాదరసము. ఇరుసుపై నిలిపినచో అది తనంత తాను తిరుగునని ఆచార్యుడు చెప్పెను. అట్లు తిరుగదు. శక్తినిత్యత్వమను మొదటి నియమము దానిని ఆపివేయును. లీలావతిని వ్రాసినవాని మహత్త్వమునకు దీనివలన లోపము రాదు. 12వ శతాబ్దమున ఆ ఊహయే యొక సాహసము. అయితే ఆచార్యుడు చెప్పెను గనుక తిరుగుననుట భక్తి. తిరుగదని తేలిన తరువాతను తిరుగుననుట వేఱొకటి. ఏది జరుగరాదో ముందుగా చెప్పగలుగుటయే శాస్త్రసిద్ధాంతమునకు గుర్తు. ధర్మము తగ్గుచున్నదను మాట ఏ సంఘటనను నిషేధించుచున్నది? మంచి జరిగినచో పుణ్యశేషమనియు, చెడు జరిగినచో కలిప్రభావమనియు చెప్పుకొనవచ్చును. అన్నిటికిని ఒప్పు మాట దేనికిని సాక్ష్యము కాజాలదు.

నియమము చేయు పనిని చూడగోరువారు దూరము పోనక్కఱలేదు. 1979లో మొదటి విభాగము పనిచేయ నారంభించిన ఇబ్రహీంపట్నపు తాపవిద్యుత్కేంద్రము మన పొరుగుననే యున్నది. ఇట్టి కేంద్రములలో ఆవిరి సుమారు 540 సెంటిగ్రేడు డిగ్రీలకు కాగును. చల్లార్చు నీరు 30 డిగ్రీల దనుకొందము. కెల్విను లెక్కలో అవి 813, 303. కార్నో సూత్రము ప్రకారము, రాపిడిలేని ఆదర్శయంత్రము సైతము ఉష్ణములో నూటికి 63 పాళ్లకు మించి పనిగా మార్చజాలదు. నిజమైన కేంద్రములకు దక్కునది ఇంచుమించు మూడవవంతు. మిగిలినది చల్లార్చు నీటికిని, పొగగొట్టమునకును అర్పణము. ఇంజనీరుల అశ్రద్ధవలన పోవుదానిని తగ్గింపవచ్చును. కార్నో చెప్పిన హద్దును ఏ మంత్రియు, ఏ మహర్షియు జరుపలేడు. నేను తరగతిలో ఈ లెక్క చేయించునపుడు, ఆ మిగిలిన వేడి ఏ చేపలను బాధించుచున్నదని ఒక బాలిక అడిగినది. ఎంట్రపీని గూర్చి వేదికలపై నేను విన్న మాటలన్నిటికంటె అది మేలైన ప్రశ్న.

ఇప్పుడు రెండవ పక్షము. పటమటవారికి హేతువాదము పరాయిది కాదు. వృక్షశాస్త్ర పట్టభద్రుడై, నాస్తికుడగుటచే కళాశాలలో ఉద్యోగము పోగొట్టుకొన్న గోపరాజు రామచంద్రరావుగారు, గోరాగారు, 1940లో ముదునూరున స్థాపించిన నాస్తిక కేంద్రము 1947లో పటమటకు వచ్చినది. వారి సహధర్మచారిణి సరస్వతిగారు గర్భవతిగా నున్నపుడు గ్రహణమును చూచి, బిడ్డకు అంగవైకల్యము కలుగునను భయమును స్వయముగా పరీక్షించిరి. ఆ కేంద్రమువారు బహిరంగముగా నిప్పులపై నడచి, పూనకమును వ్రతమును లేకయే ఎవరైనను నడువవచ్చునని చూపిరి. ఉష్ణశాస్త్రమును గూర్చి మన పేటలో జరిగిన ఉత్తమోపన్యాసము అదియే యని నేననుకొందును.

ఏలయన, నిప్పులగుండము రెండవ నియమమును గూర్చి మంచి పాఠము. ఉష్ణము వేడి వస్తువునుండి చల్లని వస్తువునకే పోవునని నియమము. అయినచో పాదమేల కాలలేదు? భక్తుడు దేవత కాపాడెననును. నియమమును సగము చదివినవాడు తడబడును. నియమము దిక్కును చెప్పునే గాని వేగమును చెప్పదు. బొగ్గు ఉష్ణమును మెల్లగా ప్రసరింపజేయును. అది దాచుకొన్న ఉష్ణమును కొంచెమే. పైని బూడిద యొకటి. అడుగు మోపు కాలము క్షణమాత్రము. అంత వేడిగల ఇనుపరేకుపై అదే భక్తుడు అదే దేవతను తలచి నడచినచో ఫలితము వేఱుగ నుండును. నిప్పులపై నిలిచిపోయినను అంతే. ఎవరును ఇంటివద్ద ప్రయత్నింపరాదని ఇచ్చట చెప్పుట నా విధి.

ఇట్టి మార్గము చూచిన ఊరిలో కొందఱు హేతువాదులు విశ్వమరణమును గూర్చి శాసనములు చేయుట శోచనీయము. వారికి కెల్విను ప్రభువు కథ వినిపింపవలెను. ఆయన ఈ శాస్త్రమునకు మూలపురుషులలో నొకడు. 1862లో చల్లారు గోళముగా భూమిని లెక్కించి, దాని వయస్సు రెండు కోట్లకును నలుబది కోట్లకును నడుమ నుండునని తేల్చెను. డార్విను కోరినంత కాలము ఆ లెక్కలో లేదు; ఆ యాక్షేపణ ఆయనను మిక్కిలి బాధించినది. 1896లో బెకరెలు రేడియోధార్మికతను కనుగొనెను. భూగర్భములోను ఉష్ణము పుట్టుచుండునని తరువాత తెలిసినది. లోపలి పదార్థము మెల్లగా కదలుచు వేడిని పైకి తెచ్చుననియు కెల్విను లెక్కింపలేదు. నేడు భూమి వయస్సు సుమారు 454 కోట్ల యేండ్లని నిర్ణయము. నియమము తప్పలేదు, కెల్వినుకు తెలిసిన జాబితా చాలలేదు. అంతటివాడు భూమి విషయమున పొరపడగా, విశ్వమంతటిని మూసిన వ్యవస్థగా భావించి దాని మరణమునుండి జీవితమునకు ప్రయోజనము లేదని తీర్మానించుట ఏపాటి హేతువాదము? నియమము ప్రయోజనమును గూర్చి ఏమియు చెప్పదు. దానిని అడిగినవారే జవాబును కల్పించుకొనుచున్నారు.

ఇది పండితుల తగవని చదువరులు ఉపేక్షింపరాదు. ఇదివఱకు ఆడపిల్ల చదువునకు, వితంతువివాహమునకు అడ్డుపడినవారు కలిధర్మమును శరణు చొచ్చిరి; నేటివారు అదే నిస్పృహకు ఎంట్రపీ యను చొక్కా తొడుగుచున్నారు. లోకమే చెడుచుండగా మనమేమి చేయగలమను మాట ఇంటిపెద్ద నోట శాస్త్రవాక్యముగా వినబడినచో పిల్లవాడు కాదనుట కష్టము. ‘థియరీ మాత్రమే’ యను పలుకునకు బడిలోను ఫలితము గలదు. 2022లో జాతీయ విద్యాపరిశోధన శిక్షణ మండలి పాఠభారము తగ్గించుట యను పేర పదవతరగతి పుస్తకమునుండి పరిణామమును గూర్చిన భాగమును తొలగించెను. 1,800 మందికి పైగా శాస్త్రజ్ఞులు, ఉపాధ్యాయులు, విద్యావంతులు 2023 ఏప్రిలులో దానిని నిరసించుచు లేఖ వ్రాసిరి. పదవతరగతితో విజ్ఞానశాస్త్రమును విడుచు పిల్లలే యెక్కువ. వారిలో అనేకులు డార్విను పేరు మొదటిసారి వినుట ఉపన్యాసకుని నోటనే కావచ్చును.

పాఠ్యపుస్తకములు వ్రాయువారికి ఒక మనవి. ఒకే గ్రంథములో ‘థియరీ’ని ఒకచోట వాదమనియు వేఱొకచోట సిద్ధాంతమనియు అనువదింపకుడు, ఏదో యొకటి పట్టుకొనుడు. ఎంట్రపీని ఎంట్రపీ యనియే వ్రాయుడు. దానికి అక్రమమను పేరు వలదు. నియమమును ముద్రించునపుడు ‘మూసిన వ్యవస్థలో’ అను మాటలను తక్కిన వాక్యముతో సమానమైన అక్షరములలో ముద్రింపుడు. ఇప్పుడవి కొన్ని పుస్తకములలో కుండలీకరణములలో నున్నవి. కొన్నిటిలో అసలే లేవు.