కోతలో కనబడని లోతు

క్లోమంలోని బీటా కణంలో ఇన్సులిన్ ఒక్కసారిగా తయారవదు. ముందు 86 అమైనో ఆమ్లాల ప్రోఇన్సులిన్ పుడుతుంది. అది గాల్జీ సంక్లిష్టం గుండా సాగి రేణువుల్లోకి చేరుతూ, నడిమి భాగం తెగిపోయి, 51 అమైనో ఆమ్లాల ఇన్సులిన్‌గా మారుతుంది. రెండోరకం మధుమేహం ఉన్నవారి రక్తంలో ఇన్సులిన్‌తో పోలిస్తే ప్రోఇన్సులిన్ వాటా ఉండాల్సినదానికంటే ఎక్కువ. ఇన్సులిన్‌గా మారకముందే కొంత సరుకు కణం దాటి వచ్చేస్తోందన్నమాట. అందుకే గాల్జీలోని దారులు ఎలా ఉన్నాయన్న ప్రశ్న నాకు ఇంత ముఖ్యమనిపిస్తుంది.

1898లో ఇటలీలోని పావియాలో కమిల్లో గాల్జీ వెండి లవణాలతో రంగు పట్టించి, గుడ్లగూబ నాడీకణాల్లో గాల్జీ సంక్లిష్టం అనే ఈ అల్లికను చూశాడు. అది నిజంగా ఉందా, రంగు చేసిన మాయా అన్న వాదన యాభై ఏళ్లు సాగింది. 1950లలో ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని దానికి తెరదించింది: దొంతరగా చదునైన పొర సంచులు, వాటి చుట్టూ బుడగలు. కానీ అక్కడే మరో చిక్కు మొదలైంది. ఆ సూక్ష్మదర్శినిలో చూడటానికి కణం నుంచి తీసే మామూలు కోత మందం 50 నుంచి 70 నానోమీటర్లే. ములక్కాడను అడ్డంగా తరిగిన చక్రం ఒక్కటే చేతికిస్తే, అది కాడలోదో ఉండలోదో ఎలా చెప్పగలం? కోతలో గుండ్రంగా కనిపించింది విడి బుడగా, తెగిన గొట్టమా అన్నదీ అంతే.

ఒకే కోతను పలు కోణాల్లో చూసే త్రిమితీయ విధానం ఈ సందేహాన్ని మూలంలోనే పట్టుకుంటుంది. అందుకు ముందుగా కణాలను ఉన్న ఆకారంలోనే నిలపాలి. రసాయనాలతో నెమ్మదిగా స్థిరపరిస్తే పొరలు ఆకారం మారవచ్చు. కాబట్టి కణాలను సుమారు 2,000 వాతావరణాల పీడనంలో మిల్లీసెకన్లలో గడ్డకట్టిస్తారు. నీటికి స్ఫటికంగా మారే వ్యవధి దొరకదు. ఆ చలిలోనే నీటి స్థానంలోకి అసిటోన్‌ను పంపి, రెజిన్‌లో పొదిగి, కొన్ని వందల నానోమీటర్ల మందపు కోతలు తీస్తారు. కోతకు రెండువైపులా బంగారు రేణువులు గుర్తులుగా అద్దుతారు. ఆ కోతను సూక్ష్మదర్శినిలో కొద్దికొద్దిగా వంచుతూ ఒక్కో కోణంలో ఒక్కో చిత్రం తీస్తారు. తర్వాత 90 డిగ్రీలు తిప్పి మళ్లీ అదంతా చేస్తారు. సీటీ స్కాన్ లెక్కే ఇక్కడా: కోణాలన్నీ కలిపితే ఘనరూపం వస్తుంది. కోతను పూర్తిగా పక్కకు పడుకోబెట్టలేం కనుక కొంత సమాచారం దక్కదు. రెండో తిప్పుడు ఆ లోటును చాలావరకు పూడుస్తుంది. ఆపై ఒక్కో పొర అంచునూ తెరమీద గీయాలి; ఇక్కడ చెప్పే పరిశోధనల్లో ఆ పని చేత్తోనే జరిగింది. నా దృష్టిలో అసలు పనితనం ఈ గీతల్లోనే ఉంది. ఇది సంచి, ఇది నాళిక అని తీర్పు చెప్పింది ఆ చేయే.

2001లో కొలరాడోలో బ్రాడ్ మార్ష్, క్యాథ్రిన్ హవెల్, మకింటోష్ బృందం హ్యామ్‌స్టర్ బీటా కణశ్రేణికి చెందిన ఒక కణంలో 3.1 × 3.2 × 1.2 మైక్రోమీటర్ల ప్రదేశాన్ని ఇలా పునర్నిర్మించింది. గాల్జీలో ఏడు సంచులు తేలాయి. కణంలోని మరో పొరల వల అయిన అంతర్జీవ ద్రవ్యజాలం (ఎండోప్లాస్మిక్ రెటిక్యులం) గాల్జీని పలుచోట్ల చొచ్చుకుపోతోంది. వేర్వేరు అంతస్తుల సంచుల మధ్య మాత్రం అక్కడ వంతెనలు కనబడలేదు.

2004లో వాళ్లే చుంచెలుక క్లోమపు బీటా కణాలకు గ్లూకోజ్ అందించి చూశారు. ఇన్సులిన్ ఉత్పత్తి ఊపందుకున్న ఆ కణాల్లో అంతస్తులను నేరుగా కలిపే నాళికలున్నాయి. కొన్ని మధ్య సంచిని తప్పించి పైదానికి వెళ్తున్నాయి. బుడగలే సరుకంతా మోస్తాయా, సంచులే మారుతూ ముందుకు సాగుతాయా అన్న పాత వాదంలోకి ఈ మూడో దారి అలా వచ్చిచేరింది. గడ్డకట్టిన కణం దారి ఉందని మాత్రమే చూపగలదు. ప్రోఇన్సులిన్ ఆ నాళికల్లోంచే నడుస్తోందని చెప్పాలంటే, దానికి గుర్తు తగిలించి బతికున్న కణంలో వెంబడించాల్సిందే.