పర్ణశాలల పండుగ

భద్రాచలం నుంచి దుమ్ముగూడెం మీదుగా ముప్ఫై అయిదు కిలోమీటర్లు వెళితే పర్ణశాల. వనవాసంలో సీతారాములు ఆకుల గుడిసె వేసుకున్నది అక్కడేనని ఇక్కడి చంటిపిల్లాడైనా చెబుతాడు. ఆ దుమ్ముగూడెంలోనే 19వ శతాబ్దంలో మిషనరీలు కూడా దిగారు. ఈ ప్రాంతపు పిల్లవాడొకడు ఓ ఆదివారం స్నేహితుడి వెంట చర్చికి వెళ్లాడు. పాస్టరుగారు లేవీయకాండం చదువుతూ ‘పర్ణశాలల పండుగ’ అనగానే పక్కవాడి డొక్కలో పొడిచాడు: “మన పర్ణశాల జాతరేరా!” అప్పట్లో అలా నవ్వులపాలైన ఆ పిల్లవాడే ఇప్పుడు ఈ కాలమ్ రాస్తున్నాడు.

అది యూదుల పండుగ. హీబ్రూలో సుక్కోత్. ఈజిప్టు చెర నుంచి బయటపడ్డాక తమ పెద్దలు నలభై ఏళ్లు ఎడారిలో తిరిగిన రోజులను తలుచుకుంటూ వారం పాటు ఇల్లు వదిలి గుడిసెలో భోంచేస్తారు, కొందరు అక్కడే పడుకుంటారు. పండుగ తిష్రీ నెల పున్నమికి మొదలవుతుంది. అది తరచూ మన ఆశ్వయుజ పౌర్ణమే. 2024లోనూ 2025లోనూ అలాగే కలిసింది. వాళ్లదీ చంద్రుణ్ని నమ్ముకున్న పంచాంగమే మరి. పంతొమ్మిదేళ్లలో ఏడు అధిక మాసాలు వేసి రుతువులతో లెక్క సరిచేసుకుంటారు.

ఆ గుడిసె కట్టే పద్ధతే చూడాలి. ఏజెన్సీలో తాటాకు కప్పేవాడి గొప్పంతా చుక్క నీరు కారకపోవడంలో ఉంటుంది. ఆకు మీద ఆకు, ఈనె పక్కన ఈనె. సుక్కా అనే ఆ పండుగ గుడిసె కట్టేవాడి లెక్క వేరు. కప్పు కింద ఎండ కన్నా నీడ ఎక్కువ పడాలి, అయినా రాత్రి సందుల్లోంచి నక్షత్రాలు కనిపించాలి. రేకు పనికిరాదు, టార్పాలిన్ అసలే పనికిరాదు. నేలలో మొలిచి, కోసి తెచ్చిన ఆకూ కొమ్మా అయితేనే చెల్లుతుంది. క్రీ.శ. 200 ప్రాంతంలో కూర్చిన ‘మిష్నా’ అనే ధర్మశాస్త్రం ఇంకో మెలిక పెట్టింది: కప్పు మీదికి ద్రాక్ష తీగనో సొరపాదునో పాకించి అదే పందిరి అంటే కుదరదు, కోసి పరిస్తేనే కప్పు. మన పెరట్లో చిక్కుడు పందిరి ఆ పరీక్షలో తప్పుతుందన్నమాట. చెట్టు మీద కట్టిన గుడిసె మాత్రం చెల్లుతుంది, కాకపోతే పండుగ రోజున ఎక్కకూడదు. జొన్నచేను కాపలాకు మంచె వేసే రైతుకు ఈ షరతు వింటే నవ్వొస్తుంది.

తెలుగు మాట్లాడుతూ ఈ పండుగ చేసుకునేవాళ్లూ ఉన్నారు. గోదావరి దాటి, కృష్ణ కూడా దాటితే గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెం. అక్కడి కొన్ని మాదిగ కుటుంబాలు తాము ఇశ్రాయేలు తప్పిపోయిన గోత్రాల్లో ఒకటైన ఎఫ్రాయిము సంతతి అంటాయి. అలా చెప్పుకోకముందు వాళ్లు బాప్టిస్టు క్రైస్తవులు. షమూయేల్ యాకోబి, సాదోక్ యాకోబి సోదరులు ముందు నడవగా 1990ల ఆరంభంలో యూదు ప్రార్థనా మందిరం వెలిసింది. పరిశోధకులు యూలియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్ ఈ కుటుంబాల మీద 2013లో ఒక పుస్తకమే రాశారు. గొడ్డుమాంసం తినడం, చనిపోయినవారిని పూడ్చిపెట్టడం లాంటి ఏ అలవాట్లను చూపి ఊరు వాళ్లను దూరం పెట్టిందో, వాటినే వాళ్లు పూర్వికుల ఆనవాళ్లుగా చూపించారు. ఆ వంశకథ చరిత్ర పరీక్షకు నిలుస్తుందా లేదా అన్న వాదన ఎలా ఉన్నా, అవమానాన్ని అలా తిరగేసి పట్టుకోవడం మామూలు తెలివి కాదు.

పుట్టుక నుంచి చావు దాకా యూదుల ఆచారాల్లో మనకు కొత్తగా తోచేవి కొన్నే. ఎనిమిదో రోజు మగబిడ్డకు సున్తీ, పదమూడేళ్లు నిండగానే ధర్మం మోసే వయసు వచ్చిందని సభలో చదివించడం. చావు ఇంట్లో మాత్రం మనకు అంతా తెలిసినట్టే ఉంటుంది. ఏడు రోజులు బయటికి వెళ్లరు, ఎత్తు పీటల మీద కూర్చోరు. మట్టి ఇచ్చి వచ్చాక మొదటి ముద్ద ఇరుగుపొరుగు తెచ్చిపెట్టిందే.

కొత్త పంట దగ్గరా అంతే. కోయ గూడేల్లో కొత్తల పండుగ చేసి, దేవతకు పెట్టందే కొత్త గింజ నోట పెట్టరు. లేవీయకాండం 23వ అధ్యాయమూ అదే అంటుంది: మొదటి పన అర్పించేదాకా కొత్త ధాన్యంతో రొట్టె లేదు, పేలాలు లేవు, పచ్చి వెన్నులూ లేవు.

ఒక్క తేడా మాత్రం ఈ కాలమిస్టు మనసులో ముల్లులా ఉంది. ఆకుల గుడిసెలో వారం రోజులుంటే అది జ్ఞాపకం. ఛత్తీస్‌గఢ్ నుంచి వలస వచ్చి ఈ అడవుల్లో కొమ్మలతో గుడిసెలు వేసుకున్న గుత్తికోయలకు అది ఏడాది పొడుగునా ఇల్లు. వాన పడితే వాళ్లు ఎక్కడికి వెళతారు?

ఇదే ప్రశ్న మిష్నాలోనూ ఉంది. పండుగ గుడిసెలో ఉండగా వాన వస్తే ఎప్పుడు లేచి ఇంట్లోకి పోవచ్చు? గిన్నెలో ఉన్న జావ చెడిపోయేంత వాన పడినప్పుడు అని జవాబు.